మహారాజశ్రీ ఎంఓయూ (కళాశాలకూ కంపెనీకీ మధ్య అవగాహన ఒప్పందం) గారి సముఖానికి

అయ్యా,

ఒక ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలలో మీ ఫైళ్లు మోస్తున్న అధ్యాపకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ప్లాస్టిక్ కవరులో, మడత నలగకుండా, తమరు క్షేమంగానే ఉన్నారు.

తమరి జననం కనులపండువగా జరిగింది. సెమినార్ హాల్లో ఫ్లెక్సీ కట్టి, కంపెనీ తరఫున వచ్చిన హెచ్‌ఆర్ మేనేజరు గారికి శాలువా కప్పాక, ఇరుపక్షాలవారూ తమరిని చెరొక అంచున పట్టుకొని కెమెరా వైపు చూశారు. ఫొటో సరిగా రాలేదంటే సంతకం పెడుతున్నట్టు మరోసారి నటించారు కూడా. ఈ ఒప్పందం వల్ల ఏ పక్షానికీ చట్టపరంగా గాని, ఆర్థికంగా గాని బాధ్యత ఉండదని తమరి మూడో పేజీలో ఒక నిబంధన ఉంది. ఉభయులూ తు.చ. తప్పకుండా పాటించినది అదొక్కటే.

తమరిని తప్పుపట్టి లాభం లేదు. గత అయిదేళ్లలో 'పనిచేస్తున్న' ఒప్పందాలు ఎన్నని, కళాశాలలకు గ్రేడులిచ్చే జాతీయ సంస్థ నాక్ అడుగుతూ వచ్చింది. తమరు పుట్టింది ఆ గడి నింపడానికి. పనిచేస్తున్నట్టు రుజువు కావాలి గనుక ఏటా ఒక అతిథి ఉపన్యాసం, ఒక పరిశ్రమ సందర్శన, హాజరుపట్టీ, అక్షాంశ రేఖాంశాలతో సహా ఫొటోలు సమకూర్చుతున్నాము. మొన్నటి సందర్శనలో పిల్లలు యంత్రాలను అద్దాల అవతలి నుంచి చూశారు. సమోసాలను మాత్రం చేత్తో తాకనిచ్చారు.

ఆ పిల్లలే నాలుగేళ్లు పూర్తిచేసి, పట్టా పట్టుకొని, హాస్టలు అద్దె కట్టి, మాతో ఏ ఒప్పందమూ లేని అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ అనే సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటున్నారు. అక్కడ శాలువాలు కప్పరు, ఫీజు మాత్రం ముందే కట్టించుకుంటారు.

డిగ్రీ కళాశాలల గోడు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో మూడేళ్ల డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ చెప్పుకోదగ్గ పరిశ్రమ లేని మండలంలో చదివే అమ్మాయిని ఏ కంపెనీ చేర్చుకుంటుందన్న ప్రశ్నకు బజారే ముందుగా జవాబు చెప్పింది: డబ్బు పంపితే ధ్రువపత్రం వాట్సాప్‌లో దిగుతుంది.

తమరి జాతి అంతా ఇంతేనని నేననను. పిలానీలోని బిట్స్ విద్యాసంస్థ 1973లో మొదలుపెట్టిన ప్రాక్టీస్ స్కూలులో విద్యార్థి సుమారు అయిదున్నర నెలలు సంస్థలో నిజమైన పని చేస్తాడు, ఆ పనిని కళాశాల అధ్యాపకుడే పర్యవేక్షించి మార్కులు వేస్తాడు. అంటే కళాశాల తన మనిషి సమయాన్నీ, కంపెనీ తన ఇంజినీరు సమయాన్నీ వెచ్చిస్తున్నాయన్నమాట. మా ఇద్దరిలో ఎవరమూ ఆ ఖర్చు జోలికి పోలేదు.

వచ్చే నెల తమరి గడువు తీరుతున్నది. పునరుద్ధరణకు వచ్చేటప్పుడు, ఎంతమంది పిల్లలు, ఏ విభాగంలో, ఎన్ని వారాలు, ఎంత భృతికి పనిచేస్తారో నింపే నాలుగు గళ్లు పెట్టించుకొని రావలసిందిగా మనవి. అవి ఖాళీగా ఉంటే ముందే కబురు చేయండి, ఈసారి శాలువా ఖర్చయినా మిగులుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒప్పందాల సమన్వయకర్త, అదనపు బాధ్యతలు