సారు గుడ్డు తిన్నారు

సర్కారు బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం బాగుందో లేదో తేల్చడానికి మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో తిరుగులేని శాస్త్రీయ పద్ధతి ఒకటి స్థిరపడింది. దాని పేరు సహపంక్తి భోజనం. ఓ పెద్ద సారు పిల్లల వరుసలో సక్లంముక్లం కూర్చుని ముద్ద నోటి దాకా తేవాలి. ఫొటో పడిందా, అన్నం బాగున్నట్టే. మర్నాడు పేపర్ల జిల్లా పేజీలో వచ్చిందా, పప్పులో పప్పు కూడా ఉన్నట్టే.

దేవరకొండ దిక్కు ఓ తండా బడిలో జరిగిన పరీక్షనే తీసుకోండి. సారు పన్నెండున్నరకు వస్తారన్నారు. తల్లులు తెల్లారకముందే పత్తి చేన్లకు పోతే, పొద్దటి నుంచి మంచినీళ్ల మీదున్న పిల్లలు పళ్లాలు పట్టుకుని కూర్చున్నారు. ఒంటిగంట దాటింది. రెండు కావచ్చింది. అన్నం పెట్టారు, గుడ్డు పెట్టారు, ముట్టొద్దన్నారు. ఫొటోలో పళ్లెం నిండుగా ఉండాలి కదా! ఆగలేక ఓ బుడ్డోడు గుడ్డు కొరికేశాడు. హెచ్‌ఎం గుండె గుభేలుమంది. కొరికిన వైపు అన్నంలోకి తిప్పి పెట్టించారు.

కారొచ్చింది. సారు కిందే కూర్చుంటానన్నారు. ఎంత నిరాడంబరం! టెంట్ హౌస్ తివాచీ ముందే పరిచి ఉందనుకోండి, అది వేరే సంగతి. అటెండరు గుడ్డు ఒలిచాడు. "సార్, ముద్ద జెర కిందికి. మొఖం కనబడ్తలేదు" అన్నాడు ఫొటో తీసే పిలగాడు. సారు దించారు. "పక్కనున్న పాపను చూసి నవ్వండి సార్." నవ్వారు. పాప నవ్వలేదు, ఆమె చూపు గుడ్డు మీదుంది. మళ్లీ తీశారు. ఆ ముద్ద చివరికి నోట్లోకి పోయిందో లేదో గానీ, "భేష్" అని మాత్రం సెలవిచ్చారు. ఎందుకు భేష్ కాదు? మామూలు రోజుల్లో పళ్లెం అడుగు కనిపించే చారు, ఆ పూట గరిటెను వదలనని మొండికేసింది.

సారు రెండు గుక్కలు తాగి వదిలేసిన సీసా నీళ్లు 20 రూపాయలు. 2025 మేలో పెంచితే ప్రాథమిక బడి పిల్లకు వంట ఖర్చు కింద పూటకు దక్కింది 6 రూపాయల 78 పైసలు. సన్నబియ్యం సర్కారువే, గుడ్డు లెక్క వేరు. కానీ పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పూకారం, పొయ్యి ఖర్చు అన్నీ ఆ పైసల్లోనే. అంటే దాదాపు ముగ్గురు పిల్లల కూర ఆ సీసాలో మిగిలిపోయింది.

వండిన అన్నమే పెట్టండని 2001లో సుప్రీంకోర్టు చెప్తే గానీ మన బడుల్లో పొయ్యి వెలగలేదు. 2024 నవంబరులో పాలమూరు దిక్కు మాగనూరు హైస్కూలు పిల్లలు అన్నం తిని దవాఖాన పాలైతే హైకోర్టు గద్దించింది. అప్పటి నుంచి సార్లకు ఆకలి పెరిగింది. తినండి, ఎవరొద్దన్నారు? కానీ ఆ పొయ్యి ముందున్న మనిషిని ఒక్కరైనా అడిగారా? ఆమెకు నెలకు 3,000. అవి కూడా నెలనెలా రావు. బిల్లులు రాకపోతే కిరాణం షాపులో ఉద్దెర తెచ్చి వండుతోంది. షాపాయన ఇక చాలన్నాడు. పుస్తెలు కుదువ పెట్టి నూనె డబ్బా తెచ్చింది. సిగ్గుండాలి! సర్కారు బడి పిల్లలకు ఓ కూలి మనిషి అప్పు చేసి అన్నం పెడుతుంటే, దాన్ని రుచి చూసి సర్టిఫికెట్ ఇవ్వడానికి మనమెవరం? అదే పిల్లల కడుపు నొచ్చిందంటే మాత్రం మొదటి వేటు ఆమె మీదే.

సారూ, మళ్లీ తప్పకుండా రండి. కారులో ఫొటో పిలగాడి సీటు ఖాళీ చేయించి, బిల్లులు పాస్ చేసే ట్రెజరీ సారును కూర్చోబెట్టుకుని రండి.