దేశాలు చట్టం తప్పాయని ఎవరన్నారు?

శరణార్థుల విషయంలో పెద్ద పెద్ద దేశాలన్నీ అంతర్జాతీయ చట్టాన్ని తుంగలో తొక్కుతున్నాయని ఈమధ్య ఎవర్ని కదిపినా ఒకటే గోల. ఈ నింద నేను ఒప్పుకోను. పనిగట్టుకుని శరణార్థుల హక్కుల మీద దేశాలు చేసుకున్న ఆ 1951 ఒప్పందాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివాను, పెద్దదేం కాదు, 46 అధికరణలు, ఒక మధ్యాహ్నం నిద్ర మానుకుంటే అయిపోతుంది. చదివాక నాకు అర్థమైంది ఒక్కటే. తొక్కాలంటే ముందు దాని దగ్గరికి వెళ్లాలి కదా, వీళ్లెవరూ దాని దగ్గరికే వెళ్లడం లేదు. పైగా దాన్ని ఎంత అపురూపంగా చూసుకుంటున్నారంటే, శరణార్థుల చేతులు పడితే మాసిపోతుందేమోనని వాళ్ల కంటికి కూడా కనపడనివ్వడం లేదు. ఇంత భక్తిని పట్టుకుని ఉల్లంఘన అంటారా?

ముందు శరణార్థి అంటే ఎవరో తెలుసుకుందాం, ఎందుకంటే ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తినవాళ్లంతా శరణార్థులే అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. ఒప్పందం ప్రకారం మీరు మీ దేశం బయట ఉండాలి. మీకు వేధింపుల భయం ఉండాలి, అది కూడా ఉత్త భయం కాదు, ఆధారాలున్న భయం. ఆ వేధింపు మీ జాతి వల్లో, మతం వల్లో, జాతీయత వల్లో, మీరు ఫలానా సామాజిక వర్గం కావడం వల్లో, రాజకీయ అభిప్రాయం వల్లో జరగాలి. ఇప్పుడు మీ ఊరి మీద బాంబులు పడ్డాయనుకోండి. అందరి ఇళ్ల మీదా పక్షపాతం లేకుండా పడితే, 1951 మాటల ప్రకారం అది మీ దురదృష్టమే తప్ప వేధింపు కాదు. బాంబుకి మీ మీద సొంత కక్ష ఏదైనా ఉందని చూపించగలిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఆఫ్రికా దేశాలకి ఈ సూక్ష్మం అంతుపట్టక 1969లో విదేశీ దాడి, ఆక్రమణ, శాంతిభద్రతలు కుప్పకూలడం లాంటి కారణాలతో పారిపోయినవాళ్లు కూడా శరణార్థులేనని తమ ఒప్పందంలో రాసేసుకున్నాయి. లాటిన్ అమెరికా వాళ్లు 1984లో కొలంబియాలోని కార్తహేనాలో దాదాపు అదే మాట అన్నారు. యూరప్ వాళ్లు కాస్త ఆలోచించి అలాంటివాళ్ల కోసం 'అనుబంధ రక్షణ' అని పక్కన ఇంకో బల్ల వేశారు. కాళ్లు కొంచెం పొట్టి బల్ల, అంతే తేడా.

అన్నట్టు, మొదట్లో ఈ ఒప్పందం 1951 జనవరి 1కి ముందు జరిగిన సంఘటనలకే వర్తించేది. ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ తరమరని పెద్దలు ఎలా నమ్మారో కానీ నమ్మారు. శరణార్థుల కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన సంస్థకి కూడా మూడేళ్లే గడువు ఇచ్చారు, ఆలోపు పని ముగించుకుని ఇంటికెళ్లిపోవాలని. 1967లో ఆ తేదీ తీసేశారు. సంస్థ గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ, 2003లో విసుగొచ్చి, సమస్య తీరేదాకా ఉండమన్నారు. మధ్యలో రెండుసార్లు నోబెల్ శాంతి బహుమతి కూడా ఇచ్చారు, 1954లో ఒకటి, 1981లో ఒకటి. పని అయిపోకపోయినా కష్టపడుతున్నారు పాపం అని కాబోలు.

టర్కీ మాత్రం 'యూరప్‌లో జరిగిన సంఘటనల వల్ల వచ్చినవాళ్లే శరణార్థులు' అన్న పాత షరతుని ఇప్పటికీ వదల్లేదు. ఇందులో నాకు నచ్చే విషయం ఏంటంటే, చాలా ఏళ్లపాటు ప్రపంచంలో అందరికంటే ఎక్కువమంది శరణార్థులున్న దేశం అదే. ఒక దశలో 36 లక్షలకు పైగా సిరియన్లు ఉన్నారు అక్కడ. వాళ్లలో ఎవరూ ఆ దేశం చట్టం దృష్టిలో శరణార్థులు కారు, 'తాత్కాలిక రక్షణ'లో ఉన్నవాళ్లు. అసలు సంతకమే పెట్టని బంగ్లాదేశ్‌లోకేమో 2017లో కొద్ది నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు వచ్చి పడ్డారు. భారత్ కూడా సంతకం పెట్టలేదు, ఆ కథ ఇంకోసారి. ఒప్పందాన్ని నెత్తిన పెట్టుకున్న దేశాల గుమ్మం ముందు జనం లేకపోవడం, ఒప్పందం ముఖం చూడనివాళ్ల పెరట్లో లక్షలమంది ఉండటం, ఇదంతా కాకతాళీయమేనని నా గట్టి నమ్మకం.

ఇక రావడం ఎలా అన్నది చూద్దాం. శరణు అడగాలంటే ఆ దేశంలో కాలు పెట్టాలి. కాలు పెట్టాలంటే వీసా కావాలి. శరణు అడగడానికి వస్తున్నానని వీసా అడిగితే, సరిగ్గా ఆ కారణంతోనే ఇవ్వరు. వీసా లేనివాణ్ణి విమానం ఎక్కిస్తే విమాన సంస్థకి జరిమానా, కాబట్టి కౌంటర్లో కూర్చున్న ఉద్యోగి ఒక పూట న్యాయమూర్తి అయిపోయి మీ కేసు అక్కడికక్కడే కొట్టేస్తాడు, అప్పీలు కూడా ఉండదు. అప్పుడు మీరు విమానం టికెట్టుకి ఎన్నో రెట్లు డబ్బు పోసి రబ్బరు పడవ ఎక్కుతారు. ఒడ్డున దిగగానే, ఇలా దొంగదారిన రావడం ఏంటి, అందరిలా లైన్లో రావచ్చు కదా అని అడుగుతారు. లైన్ అంటే ఐక్యరాజ్యసమితి ద్వారా ఎంపికై వేరే దేశంలో స్థిరపడటం. ఆ అవకాశం ఏడాదికి శరణార్థుల్లో నూటికి ఒక్కరికి కూడా రాదు. లైన్ మాత్రం ఉంది. కౌంటరే దాదాపు ఎప్పుడూ మూసి ఉంటుంది. ఈ అవస్థ ముందే ఊహించి ఒప్పందంలో 31వ అధికరణ రాశారు, ప్రాణభయంతో నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందు నిలబడితే అక్రమంగా అడుగుపెట్టినందుకు శిక్షించకూడదని. ఇది కూడా భద్రంగానే ఉంది, పేజీల మధ్య నెమలీకలా.

ఒప్పందానికి గుండెకాయ 33వ అధికరణ. ప్రాణానికి, స్వేచ్ఛకి ముప్పున్న చోటికి మనిషిని వెనక్కి పంపకూడదు. దీన్ని మీరకుండా దేశాలు చూపించిన తెలివి చూస్తే ముచ్చటేస్తుంది. హైతీ నుంచి పడవల్లో వస్తున్నవాళ్లని అమెరికా నడిసముద్రంలోనే ఆపి తిప్పి పంపేది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్తే 1993లో ఎనిమిది మంది న్యాయమూర్తులు సబబేనన్నారు, ఒక్కరు కాదన్నారు. వాళ్లింకా అమెరికా చేరలేదు కాబట్టి ఈ అధికరణ వాళ్లకి వర్తించదట. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి గెంటకూడదు, నిజమే, వీధి మొదట్లోనే పట్టుకుని తిప్పి పంపితే అది గెంటడం ఎలా అవుతుంది?

ఆస్ట్రేలియాది ఇంకా గొప్ప బుర్ర. 2001 ఆగస్టులో టాంపా అనే నార్వే సరుకు ఓడ సముద్రంలో మునిగిపోబోతున్న 433 మందిని కాపాడి తీసుకొస్తే వాళ్లని దిగనివ్వలేదు. మరుసటి నెలలోనే క్రిస్మస్ దీవిని, ఇంకొన్ని దీవుల్ని తమ వలస ప్రాంతం నుంచి చట్టం చేసి తీసేశారు. అంటే అక్కడ పడవ దిగితే ఆస్ట్రేలియాలో దిగినట్టు కాదు, వీసాకి దరఖాస్తు పెట్టుకునే హక్కు రాదు. కొన్నాళ్లకి, దీవులు తప్పించుకుని పడవ అసలు నేల మీదికే వచ్చేస్తే ఏంటి గతి అని టెన్షన్ పట్టుకుంది. 2013లో ఆ చిక్కు కూడా తీర్చేశారు, మొత్తం ప్రధాన భూభాగాన్నే ఆ ప్రాంతం నుంచి తీసేసి. ఒక ఖండమంత దేశం, పడవలో వచ్చినవాడి విషయంలో మాత్రం, తనలో తాను లేకుండా పోయింది. దొంగల భయంతో ఇంటికి తాళాలు వేసేవాళ్లని చూశాం, చుట్టాలొస్తున్నారని ఇల్లే మాయం చేసినవాళ్లని మాత్రం ఇక్కడే చూశాను.

బ్రిటన్ ఇంకో మెట్టు పైకెక్కింది. ఇంగ్లిష్ ఛానెల్ సముద్రం దాటి వచ్చినవాళ్లని రువాండా పంపుతామని 2022లో ప్రకటించింది. 2023 నవంబర్‌లో అక్కడి సుప్రీంకోర్టు సాక్ష్యాలన్నీ చూసి, రువాండా నుంచి వాళ్లని మళ్లీ ప్రమాదంలోకి పంపేసే అవకాశం ఉందని, కాబట్టి అది సురక్షితం కాదని ఏకగ్రీవంగా తేల్చింది. మామూలు ప్రభుత్వమైతే తల పట్టుకుని కూర్చునేది. వీళ్లు 2024 ఏప్రిల్‌లో రువాండా సురక్షితమేనని, కోర్టులు తప్పనిసరిగా అలాగే భావించాలని పార్లమెంటులో చట్టం చేశారు. ఇలాంటి చట్టాలు ఇన్నాళ్లూ ఎందుకు చేసుకోలేదో నాకు అర్థం కాదు. జ్వరం లేదని చట్టం చేస్తే థర్మామీటర్ తప్పనిసరిగా అలాగే భావిస్తుంది. ఆ జూలైలో ప్రభుత్వం మారి పథకం ఎత్తేసింది, అప్పటికే 70 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయని లెక్క చెప్పింది. వెళ్లింది నలుగురు. ఆ నలుగురూ డబ్బు తీసుకుని ఇష్టపడి వెళ్లినవాళ్లే.

ఈ అడ్డంకులన్నీ దాటి ఎవరైనా ఇంటర్వ్యూ గదిదాకా వచ్చారే అనుకుందాం, అక్కడ నిజాయితీ పరీక్ష. మీ అన్నని తీసుకెళ్లింది మంగళవారమా బుధవారమా? క్రితంసారి బుధవారం అన్నారే? నిన్న మధ్యాహ్నం ఎవరితో ఫోన్లో మాట్లాడానో నేనే చెప్పలేను, కానీ నేను శరణార్థిని కాను కాబట్టి నా మతిమరుపు మతిమరుపే, అబద్ధం కాదు. స్వలింగ సంపర్కులైతే మరీ సులువైన సలహా ఒకటుండేది బ్రిటన్‌లో, వెనక్కెళ్లి గుట్టుగా బతకండి, ఎవరికీ తెలియకపోతే ఎవరూ చంపరు కదా అని. బతకడానికి తనని తాను దాచుకోమనడం రక్షణ కాదని 2010లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. సాక్ష్యంగా పడకగది వీడియోలు తీసుకోకూడదని 2014లో యూరప్ న్యాయస్థానం ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. రాయాల్సి వచ్చిందంటే మీరే ఊహించుకోండి.

మరి సరిహద్దు దాటనివాళ్లో? 2024 చివరికి ప్రపంచంలో ఇల్లూవాకిలీ వదిలి పారిపోయినవాళ్లు 12 కోట్ల 32 లక్షల మంది. అందులో 7 కోట్ల 35 లక్షల మంది సొంత దేశంలోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పరిగెత్తినవాళ్లు. వీళ్లకి ప్రపంచమంతటికీ వర్తించే ఒప్పందం లేదు, 1998 నాటి మార్గదర్శక సూత్రాలున్నాయి. మార్గదర్శక సూత్రం అంటే పెళ్లిలో పెద్దల ఆశీర్వాదం లాంటిది, ఇచ్చినవాళ్లకి ఖర్చు లేదు. ఆఫ్రికా వాళ్లు మళ్లీ తొందరపడి 2009లో ఉగాండా రాజధాని కంపాలాలో కట్టుబడి తీరాల్సిన ఒప్పందమే చేసుకున్నారు. వీళ్లకి ఈ జబ్బు పోదు. మొత్తం శరణార్థుల్లో నూటికి 73 మంది తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే ఉన్నారు, అయినా 'ఇక మోయలేం' అన్న మాట ఎక్కువగా వినపడేది మిగతా చోట్ల నుంచి.

సానుభూతికి మాత్రం ఎన్నడూ కొరత రాలేదు, ఇది ఒప్పుకోవాలి. 1938 జూలైలో జర్మనీ, ఆస్ట్రియాల నుంచి పారిపోతున్న యూదుల గురించి ఫ్రాన్స్‌లోని ఏవియాన్‌లో 32 దేశాలు సమావేశమై వారం పైన మాట్లాడుకున్నాయి. లేచిన ప్రతినిధల్లా ఎంతో బాధపడ్డారు. బాధపడి, మా దగ్గర చోటు లేదన్నారు. మాకు జాతి సమస్య లేదు, దాన్ని దిగుమతి చేసుకునే ఉద్దేశం కూడా లేదని ఆస్ట్రేలియా ప్రతినిధి తేల్చేశారు. పెద్ద ఎత్తున తీసుకుంటామని ముందుకొచ్చింది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే. అలాంటిది మళ్లీ జరగకూడదనే కదా 1951 ఒప్పందం పుట్టింది. సమావేశాలు, బాధపడటాలు యథాతథంగా ఉన్నాయి, చట్టం కూడా తోడైంది.

ఇప్పుడు ముందుచూపు ఉన్నవాళ్లు సముద్రం గురించి అడుగుతున్నారు. పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి దీవుల నుంచి న్యూజిలాండ్ వచ్చిన ఒకాయన, మా నేల మునిగిపోతోంది, తాగే నీళ్లు ఉప్పగా మారుతున్నాయి, మమ్మల్ని శరణార్థులుగా గుర్తించండి అన్నాడు. న్యూజిలాండ్ కోర్టులు 2015 దాకా విని కాదన్నాయి, ఆయన్ని ప్రత్యేకంగా ఎవరూ వేధించడం లేదు కదా అని. సముద్రం ఎవరి మతమూ అడగదు, ఎవరి రాజకీయ అభిప్రాయమూ పట్టించుకోదు. ఆయన్ని వెనక్కి పంపారు. ఫిర్యాదు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్తే 2020లో వాళ్లు చెప్పింది నిజంగా మంచి మాటే, వాతావరణ మార్పు వల్ల ప్రాణానికే ముప్పున్న చోటికి పంపడం జీవించే హక్కుకి భంగం కావచ్చని. కాకపోతే ఈయన విషయంలో ఇంకా 10, 15 ఏళ్లు టైముంది, ఆలోపు కిరిబాటి ఏదో ఒక ఏర్పాటు చేసుకోవచ్చు కాబట్టి పంపడం తప్పు కాదన్నారు.

సరే, ఆయన బుద్ధిగా ఆ పదిహేనేళ్లూ ఆగి, నీళ్లు గడప దాటాక మళ్లీ వచ్చాడనుకోండి, అప్పుడు ఒక చిన్న చిక్కుంది. శరణార్థి అనేవాడు తన దేశం బయట ఉండాలని కదా మొదటి షరతు. దీవులే లేకుండా పోయాక ఆయన ఏ దేశం బయట ఉన్నట్టు? దరఖాస్తులో దేశం పేరు రాసే గడి ఒకటి ఉంటుంది. అది ఖాళీగా వదిలేస్తే కౌంటర్లో తీసుకోరు.