ముప్పై శాతం మార్పు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ముప్పై శాతం మార్పు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఎవరి బొమ్మనైనా ముప్పై శాతం మారిస్తే కాపీరైట్ అంటదనే నమ్మకం తమరే కదా. ఇక్కడ ఎవరూ క్షేమంగా లేరు. తమరు మాత్రం దివ్యంగా ఉన్నారని నిన్న మరోసారి రుజువైంది. ఇంకొకరి పాత్రను అభిమానంతో గీసిన ఫ్యాన్ ఆర్ట్ ఉన్న ఒక యాక్రిలిక్ కీచైన్ అమ్మకపు లిస్టింగ్ సైటు నుంచి ఎగిరిపోయింది. ఫిర్యాదు వచ్చింది, సైటు వాళ్లు బొమ్మ పీకేశారు, అచ్చయిన సరుకు డబ్బాల్లోనే ఉండిపోయింది. గీసిన మనిషి నోట వచ్చిన మొదటి మాట తమరి నామస్మరణే: "ముప్పై శాతం మార్చాను కదా, ఎలా తీసేస్తారు?"

ఏం మార్చారో చూద్దాం. నీలం జుట్టు ఊదా రంగైంది. కుడిచేతిలో కత్తి ఎడమచేతికి వచ్చింది, అదీ ఫైలును అద్దంలోలా తిరగేసినందువల్ల. మెడలో ఒక స్కార్ఫ్ వెలిసింది. జుట్టుకు పది, కత్తికి పది, స్కార్ఫుకు పది. మొత్తం తమరు. ఇంత ముచ్చటైన కాకిలెక్క ఈమధ్య కాలంలో చూడలేదు.

చిన్న సందేహం, కోప్పడకండి. తమరు దేంట్లో ముప్పై శాతం? పిక్సెళ్లలోనా? వెనకున్న ఆకాశం రంగు మారిస్తే సగం పిక్సెళ్లు మారిపోతాయి, ముందు నిలబడ్డ పాత్రలో మాత్రం కనురెప్ప కూడా కదలదు. గీతల్లోనా? ప్రతి గీతనూ అర మిల్లీమీటరు పక్కకు జరిపితే వంద శాతం మారినట్టే, పాత్ర మాత్రం అదే. తమరికి లవం ఉంది, హారం లేదు. అయినా ఇన్నేళ్లుగా భిన్నంగా చలామణీ అవుతున్నారు!

పుట్టుపూర్వోత్తరాలు వెతికితే ఏ చట్టంలోనూ తమరి జాడ లేదు. అమెరికా కాపీరైట్ చట్టం 106వ సెక్షన్, మూలకృతి ఆధారంగా కొత్తవి తయారుచేసే హక్కును కూడా యజమానికే కట్టబెట్టింది. 107వ సెక్షన్లో ఫెయిర్ యూజ్‌కు, అంటే అనుమతి లేకున్నా చెల్లే న్యాయమైన వాడకానికి, నాలుగు అంశాలున్నాయి: ఎందుకు వాడారు, మూలకృతి ఎలాంటిది, ఎంత తీసుకున్నారు, దాని మార్కెట్‌కు ఏమవుతుంది. "ఎంత" అనే చోట కూడా అంకె లేదు, తీసుకున్నది అందులో కీలకమైన ముక్కా అని అదనంగా చూస్తారు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకం, విమర్శ, సమీక్ష లాంటి వాటికి మినహాయింపులిచ్చింది. అమ్మకానికి పెట్టిన కీచైన్ ఆ జాబితాలో లేదు. పైగా 14వ సెక్షన్ ప్రకారం బొమ్మను త్రీడీ రూపంలోకి తేవడం కూడా యజమాని హక్కే, కాబట్టి కాగితం మీది పాత్రను రెసిన్‌లో పోత పోసి "మాధ్యమమే మార్చేశాం" అనేవాళ్లు కూర్చోవచ్చు.

కోర్టులకెళ్తే తమరి పరిస్థితి ఇంకా దయనీయం. 1936లోనే అమెరికా జడ్జి లెర్నెడ్ హ్యాండ్ తేల్చేశాడు: కాపీ కొట్టినవాడు తాను కొట్టనిది ఎంతుందో చూపించి తప్పు మాఫీ చేయించుకోలేడు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో భారత సుప్రీంకోర్టు పెట్టిన పరీక్షా అదే దారిలోది: రెండూ చూసినవాడికి ఇది దానికి కాపీయేనని నిస్సందేహంగా అనిపిస్తోందా? మార్చింది కొలవరు, మిగిలింది చూస్తారు. తమరేమో దశాబ్దాలుగా తప్పు వైపు నించుని కొలుస్తున్నారు.

ఇక అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ సంగతి. ఆయన చేతిలో ఫొటో ఎంత మారుతుందో లోకానికి తెలుసు. గాయకుడు ప్రిన్స్‌ను లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో ఫొటో తీసింది. దాన్ని చూసి వార్హోల్ చేత ఒక బొమ్మ వేయించుకోవడానికి 1984లో ఒక పత్రిక 400 డాలర్లిచ్చి ఒక్కసారి వాడకానికి అనుమతి తీసుకుంది. వార్హోల్ ఆ ఫొటో మీదే ఇంకా ఎన్నో బొమ్మలు చేసుకున్నాడు. 2016లో అందులో ఒకటి, నారింజ రంగుది, ఒక పత్రికకు ముఖచిత్రమైంది. వార్హోల్ ఫౌండేషన్‌కు 10,000 డాలర్లు ముట్టాయి, ఫొటో తీసినావిడకు సున్నా. ముఖాన్ని కత్తిరించారు, నీడలు తీసేసి చదును చేశారు, రంగు పులిమారు. ముప్పై కాదు, తొంభై అన్నా ఎవరూ గొడవపడరు. అయినా 2023లో అమెరికా సుప్రీంకోర్టు 7–2తో ఆమె వైపే మొగ్గింది: రెండూ ప్రిన్స్ మీద కథనానికి పత్రికలో వేసుకునే బొమ్మలే, పని ఒకటే, పైగా వ్యాపారం. అలాంటి వార్హోల్‌కే దక్కని మన్నింపు ఊదా జుట్టుకు ఇప్పిస్తానని ఏ మొహం పెట్టుకుని చెప్తున్నావు?

అవును, "నువ్వు" అనే అన్నాను. మర్యాదలు ఇక చాలు.

అసలు ఫ్యాన్ ఆర్ట్ ఎందుకు అమ్ముడవుతుంది? దూరం నుంచే గుర్తుపట్టి "అరె, వాడే!" అంటారు కాబట్టి. గుర్తుపట్టలేనంత మారిస్తే కేసూ ఉండదు, కొనేవాడూ ఉండడు. అంటే డబ్బులు రాలుతున్నది నువ్వు మార్చకుండా వదిలేసిన డెబ్బై శాతానికే. ఆ డెబ్బై ఎవరిదో ఒక్కసారైనా చెప్పావా?

నీ చుట్టాలూ తక్కువేం కాదు. "కాపీరైట్ ఉల్లంఘన ఉద్దేశం లేదు" అనే చెల్లెమ్మ ఒకతి. ఉల్లంఘనకు ఉద్దేశంతో పనిలేదు. అమెరికాలో చట్టం నిర్ణయించిన పరిహారం ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్లు, తెలిసి చేస్తే 1,50,000 దాకా. తెలిసే చేశారనడానికి ఈ వాక్యమే సొంత చేతిరాతతో సాక్ష్యం. "క్రెడిట్ ఇచ్చాను కదా" అనే బావగారు పేరు రాస్తే అనుమతి వచ్చినట్టే అనుకుంటాడు. "మిక్కీ ఇప్పుడు అందరిదీ" అనే బాబాయి 1928 నాటి నలుపు తెలుపు మిక్కీ 2024లో అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చిందని విని, నిన్నమొన్నటి సినిమాలోని రంగుల రూపం గీసి పెడతాడు. పేర్లనూ లోగోలనూ కాపాడే ట్రేడ్‌మార్క్ అనేది వేరే ఉందని ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

నీవల్ల జరిగే అసలు నష్టం నోటీసు వచ్చాక మొదలవుతుంది. అప్పుడు ముందు చూడాల్సింది ఫిర్యాదు కాపీరైట్ మీదా, ట్రేడ్‌మార్క్ మీదా అని. తీసేసిన బొమ్మను తిరిగి పెట్టమని సైటుకు పంపే కౌంటర్ నోటీసు దారి, అమెరికా చట్టంలో, కాపీరైట్ ఫిర్యాదుకే. ట్యాగుల్లో పాత్ర పేరు, వెనకాల లోగో పెట్టినందుకు వచ్చినదైతే అది పనికిరాదు. కౌంటర్ నోటీసు పంపితే పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఫిర్యాదుదారుకు చేరతాయి. పొరపాటున తీసేశారని నమ్ముతున్నట్టు, అబద్ధమైతే శిక్షకు సిద్ధమన్నట్టు సంతకం చేయాలి. 10 నుంచి 14 పనిదినాల్లోపు అవతలివాళ్లు కోర్టుకెక్కకపోతే బొమ్మ తిరిగొస్తుంది. ఎక్కితే? ఆ సంతకం నువ్వు పెట్టవు, నిన్ను నమ్మినవాళ్లు పెడతారు. ఇంకొందరు కౌంటర్ కూడా వేయకుండా జుట్టు ఈసారి ఆకుపచ్చ చేసి అదే డిజైన్ మళ్లీ ఎక్కిస్తారు. పదేపదే ఉల్లంఘించేవాళ్ల ఖాతాలు మూసే విధానం సైట్లకు ఉండి తీరాలి. దాంతో ఆ ఒక్క కీచైన్‌తో పాటు సొంత పాత్రలున్న షాపంతా పోతుంది. లేయర్లున్న ఫైలు, తేదీలతో స్కెచ్‌లు చూపిస్తే అది గీసింది వాళ్లేనని తేలుతుంది. అమ్మే హక్కుందని తేలదు.

అన్నిటికన్నా మండేది ఇది. అనుమతి లేని ఆ బొమ్మను ఇంకెవడో ఎత్తుకెళ్లి టీషర్టుల మీద అచ్చేసుకుంటాడు. గీసినవాళ్లు ఆపబోతే అమెరికాలో 103వ సెక్షన్ అడ్డొస్తుంది: మూలకృతిని అక్రమంగా వాడుకున్న భాగానికి కొత్త కాపీరైట్ పుట్టదు. రాత్రుళ్లు కూర్చుని గీసిన చేతికి దానిమీద పట్టు కూడా లేకుండా చేశావు.

నువ్వు అడ్డం నిలబడకపోతే గీసేవాళ్లు ముందు అడిగేది "అనుమతి ఉందా?" అనే. కొన్ని సంస్థలు ఫ్యాన్ విధానాలు ప్రకటిస్తాయి. చేత్తో చేసినవైతే సరే, లోగో వద్దు, అధికారిక బొమ్మలు ట్రేస్ చేయొద్దు, ఇన్నింటికి మించొద్దు అని రాసిపెట్టి ఉంటుంది. కొన్ని అసలు అమ్మొద్దంటాయి, అది తెలిసినా మేలే. విధానం లేకపోతే ఉత్తరం రాయాలి: ఏ వస్తువు, ఏ సైజు, ఎన్ని, ఎంత ధర, ఎక్కడ, ఎన్నాళ్లు అమ్ముతారు, రాయల్టీ ఎంత ఇస్తారు. చాలాసార్లు జవాబు రాదు, ఆ మౌనం ఒప్పుకోలు కాదు. వ్యంగ్యం చేయాలనుకుంటే ఆ వ్యంగ్యం మూలకృతి మీదే ఉండాలి, 1994లో అమెరికా సుప్రీంకోర్టులో ఒక పేరడీ పాట మీద నడిచిన క్యాంప్‌బెల్ కేసు గెలుపు బాటలో పడింది అందుకే. ఇన్ని దారులున్నాయి. నువ్వు మాత్రం ఒక్క అంకెతో వాటన్నిటికీ తలుపులు మూసేస్తావు.

ఇట్లు,
నీ శాతం దేంట్లోనో ఇప్పటికీ అర్థంకాని
ఒక పాఠకుడు

తా.క.: కౌంటర్ నోటీసులో కారణం రాసే గడి దరిదాపులకు రాకు. నీ తమ్ముడు ఇరవై శాతానికీ ఇదే వర్తిస్తుంది.