ఫార్మాట్ కొడితే సరిపోతాది సార్

మా కడపలో కంప్యూటర్లకు వచ్చే జబ్బులు ఎన్ని రకాలో ఎవరూ లెక్క తీయలేదు గానీ, మందు మాత్రం ఒక్కటే, ఫార్మాట్ కొట్టడం, అంటే లోపలున్నదంతా తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించడం. నెట్ రాకపోతే ఫార్మాట్. ప్రింటర్ కాగితం మింగితే ఫార్మాట్. పిల్లోడు కీబోర్డు మీద పాలు ఒలకబోస్తే ఫార్మాట్. పక్కింటి సారు కంప్యూటర్లో తేదీ ఆన్ చేసినప్పుడల్లా 2009కి వెళ్లిపోతోందంటే, దానికి కావాల్సింది రూపాయి బిళ్లంత ఉండే 3 వోల్టుల బ్యాటరీ, వాచీల అంగట్లో కూడా దొరుకుతుంది, దానికీ ఫార్మాటే కొట్టారు. కొట్టినాక కూడా అది 2009లోనే ఉంది. రెండోసారి కొట్టారు. వెనకటికి మా పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టరు జ్వరమన్నా సూది, కాలు బెణికిందన్నా సూది వేసేవాడు. ఆ గొప్ప సంప్రదాయం అంతరించిపోతోందని దిగులు పడేవాళ్లకు శుభవార్త ఏంటంటే, అది మా ఊరి కంప్యూటర్ షాపుల్లో భద్రంగా ఉంది.

మొన్న ఆదివారం పొద్దున మా ఇంటి కంప్యూటర్ ఆన్ కాలేదు. బటన్ నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతోంది, మానిటర్ మీద నో సిగ్నల్ అని వస్తోంది, డబ్బాలోంచి గుయ్... గుయ్... అని ఆగి ఆగి ఒకటే మూలుగు. అంతే, అయిదు నిమిషాల్లో ఇల్లంతా చుట్టూ మూగింది. సీపీయూను (ఆ పెద్ద డబ్బానే సీపీయూ అంటాం, అసలు సీపీయూ లోపలెక్కడో అగ్గిపెట్టెంత ఉంటుంది, ఆ సంగతి ఇప్పుడు వద్దులే) తెచ్చి హాల్లో మంచం మీద పడుకోబెట్టారు. ఎందుకు మంచం మీద అని నేను అడగలేదు, ఆ క్షణంలో అందరికీ అదే సబబుగా తోచింది. మా మేనత్త అరుగు మీది నుంచే, "ఎవురికిరా బాగలేదు?" అని అడిగింది. మా అమ్మ, బల్లి దూరి ఉంటుందని తేల్చింది. పక్కింటి సారు గుమ్మంలో నిలబడి, లో వోల్టేజీ అన్నాడు. ఆయన మాట కొట్టిపారేయలేం, ముద్దనూరు పక్కన 1650 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెట్టుకున్న జిల్లా మాది, మే నెల రాత్రి మా వీధిలో ఫ్యాను రెక్కలు మాత్రం ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోవచ్చు.

అప్పుడొచ్చాడు మా బావమరిది, చేతిలో కారం దోసె పొట్లం. స్క్రూడ్రైవర్ కనపడకపోతే అట్లకాడతోనే డబ్బా మూత తెరిచాడు. లోపల తొమ్మిదేళ్ల దుమ్ము, ఎర్రగా, మెత్తగా, అందులో వేరుశనగ వేస్తే మొలుస్తుంది. ఎర్రకారం అంటిన వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ, "బావా, ఇదీ పోయింది, ఇదీ పోయింది, ఇది పోయేట్టుంది" అన్నాడు. వాడు చూపించిన మూడింట్లో ఒకటి ఖాళీ స్క్రూ రంధ్రం. తర్వాత మానిటర్ నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. మానిటర్ చేసిన పాపమేంటో నాకిప్పటికీ తెలియదు, మూలుగుతున్నది డబ్బా, దెబ్బలు తిన్నది అది. మా అమ్మ ఈలోగా నిమ్మకాయ తెచ్చి దిష్టి తీసింది. తీశాక మళ్లీ బటన్ నొక్కి చూశాం, ఏం చేస్తాం, నొక్కాం.

ఆఖరికి మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"బాబూ, కంప్యూటర్ ఆన్ కావడం లేదు. లోపల గుయ్‌మని—"

"ఫార్మాట్ కొట్టాల సార్."

"ఆన్ కాంది ఫార్మాట్ ఎట్లా కొడతావు?"

"ఆన్ చేసి కొడతా సార్."

"ఆన్ అయితే ఇంక కొట్టడం ఎందుకు?"

కాసేపు అటునుంచి మాట లేదు. నిజంగా ఆలోచించాడనే అనుకుంటున్నా. "ఎందుకైనా మంచిది సార్" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు, "మీది విండోస్ 10 గదా, దానికి టైమైపాయ సార్, అందుకే లేయడం లే" అని కూడా చెప్పాడు. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ కంపెనీ దానికి మామూలు అప్‌డేట్లు ఆపేసిన మాట నిజమే. పెన్షన్ ఆగిపోయినంత మాత్రాన ముసలాయన ఆ పొద్దున్నే పోతాడా నాయనా?

అసలు జరిగేది చిన్న సంగతి. బటన్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు పంచే డబ్బా) నుంచి కరెంటు వస్తుంది, మదర్‌బోర్డు (అన్నీ తగిలించి ఉండే పలక) ముందు తన వాళ్లందరినీ పేరు పెట్టి పిలుస్తుంది, ప్రాసెసర్ ఉన్నావా, ర్యామ్ (పని నడిచేంతసేపు ఉండే జ్ఞాపకం) ఉన్నావా, డిస్‌ప్లే ఉన్నావా అని. అందరూ పలికినాకే, మన ఫైళ్లన్నీ దాచి ఉండే హార్డ్ డిస్క్ దగ్గరికి పోయి విండోస్‌ను లేపుతుంది. ర్యామ్ పలకకపోతే అక్కడే ఆగిపోయి కూత పెడుతుంది, ఆ కూతకు అర్థం అదే. అంటే విండోస్‌కు ఇంకా వంతే రాలేదు. బస్సే కదలకపోతే, పెళ్లికొడుక్కి తాళి కట్టడం చేతకాదని తిట్టినట్టుంది వీళ్ల వైద్యం.

నవ్వులాటగానే మొదలుపెట్టాను గానీ, ఇక్కడ నాకు నవ్వు రాదు.

ఆరేళ్ల కిందట ఇదే కంప్యూటర్ ఇట్లాగే మొరాయిస్తే ఒక షాపులో ఇచ్చాను. అందులో మా మేనత్త పాడిన పాటలుండేవి. గొబ్బి పాటలు, నలుగు పాటలు, కలుపు తీసేటప్పటి పాటలు, మూడు ఎండాకాలాలు ఆమెను కూర్చోబెట్టి రికార్డు చేసినవి, మొత్తం 61. సాయంత్రం వెళ్తే ఆ కుర్రాడు సంతోషంగా, "ఫార్మాట్ కొట్టేసినా సార్, కొత్తదాని మాదిరి ఉంది, 40 సినిమాలు కూడా ఏసిచ్చినా, ఫ్రీ" అన్నాడు. నాకు కాళ్లు ఆడలేదు. అడగాలి కదరా? లోపల ఏమైనా ఉందా సార్ అని ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోతుందా? నాలుగు స్క్రూలు తీస్తే హార్డ్ డిస్క్ చేతికొస్తుంది, దాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఉన్నవన్నీ తీసి పెట్టుకోవచ్చు, అంత పని కూడా మీకు బరువా? పోనీ ఫార్మాట్ కొట్టావు. క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకం ముందున్న విషయసూచిక చించేయడమే, లోపలి పేజీలు అట్లాగే ఉంటాయి, తెలిసినవాడు ఓపిగ్గా కూర్చుంటే చాలావరకు తిరిగి రాబట్టొచ్చు. ఆ పేజీల మీద కొత్తగా విండోస్ ఎక్కించి, చాలక 40 సినిమాలు పరిచావు చూడు, ఎవడు అడిగాడు నిన్ను సినిమాలు? నేను అడిగానా? మా అత్త అడిగిందా?

ఇది జరిగింది ఏ ఊళ్లో? సి.పి. బ్రౌన్ దొర ఉన్న ఊళ్లో. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం మీద కడపకొచ్చిన పరాయి దేశపాయన, ఇక్కడ బంగళా కొని, పండితులకు తన డబ్బుతో తిండి, జీతం పెట్టి, చెదలు పట్టిపోతున్న తెలుగు తాటాకు పుస్తకాల్ని ఒక్కొక్కటే కాగితాల మీదికి ఎత్తి రాయించాడు. ఆ చోటే ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో ఆయన పేరుతో గ్రంథాలయం నిలబడింది, రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి తిరిగితే. ఆ గ్రంథాలయం ముందు నుంచే రోజూ బండి మీద పోతుంటాడు మన కంప్యూటర్ డాక్టరు, జేబులో పెన్‌డ్రైవ్ వేసుకుని. తాటాకు కట్టను తినాలంటే చెదలకు కూడా ఏళ్లు పట్టేది. మా అత్త పాటలకు ఒక మధ్యాహ్నం సరిపోయింది, పైగా 800 రూపాయలు నేనే ఇచ్చాను.

అత్త ఇప్పుడూ ఉంది. అడిగితే మూడు పాటలు పాడుతుంది. నాలుగోది ఎత్తుకుని, రెండో చరణం దగ్గర ఆగి, "ఏందిరా అది, నువ్వు రాసుకుంటివి గదా?" అని నన్నే అడుగుతుంది.

సరే, ఆదివారం సంగతి. ప్లగ్గు పీకి, బటన్ కాసేపు నొక్కిపట్టి, ర్యామ్‌కు రెండు కొసల్లో ఉన్న క్లిప్పులు తీసి బయటికి లాగాను. కింద బంగారు రంగు గీతలు నల్లబడి ఉన్నాయి. మా పాప కంపాస్ బాక్సులోంచి రబ్బరు అడిగి (ఇవ్వడానికి అయిదు రూపాయలు తీసుకుంది, ఆ మాత్రం బేరం నాకు షాపులో రాలేదు) గీతలు మెల్లగా తుడిచి, మళ్లీ టక్‌మనేదాకా నొక్కాను. ఒక్కటే చిన్న కూత. తర్వాత విండోస్. మా బావమరిది, తాను కొట్టిన దెబ్బలు లేటుగా పనిచేశాయన్నాడు. మా అమ్మ నిమ్మకాయ వైపు చూసింది.

సరిగ్గా అప్పుడే మెకానిక్ వచ్చాడు. నడుస్తున్న కంప్యూటర్‌ను చూశాడు, మెచ్చుకున్నాడు, మా ఆవిడ ఇచ్చిన కాఫీ అందుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"వచ్చినా గదా సార్, ఒకసారి ఫార్మాట్ కొట్టిపోతా. స్పీడ్ వస్తాది."

కుడిచేత్తో కాఫీ తాగుతూనే ఎడమచేత్తో జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. పొద్దున్నుంచి ఇంటిల్లిపాదీ ఇంత అవస్థ పడి ఆన్ చేసుకున్న కంప్యూటర్‌ను, గోడ దగ్గరికి పోయి, నా చేత్తో నేనే ప్లగ్గు పీకేశాను.