పసిబిడ్డ మచ్చ మీద నల్లజీడి పెట్టకండి

మా దేవరకొండ చుట్టాల గ్రూపులో ఆ మెసేజ్ ఈ వారం నాలుగోసారి వచ్చింది. ‘పసిపిల్లల ఎర్రమచ్చలు గ్రహణం వల్ల వస్తాయి. నల్లజీడి రసంలో సున్నం కలిపి మూడు రోజులు పెడితే రాలిపోతాయి. డాక్టర్లు ఇచ్చేది గుండె మందు. లేజర్‌తో కళ్లు పోతాయి. మచ్చను వదిలేసినా దానంతట అదే పోతుంది.’ పంపిన వదినలకు, బావలకు కోపం వచ్చినా సరే, ఇక ఊరుకోలేను.

గ్రహణం రోజు చీకటి గదిలో కదలకుండా పడుకున్న మా మేనకోడలికే మచ్చ ఉన్న బిడ్డ పుట్టింది. ఆ మాట అంతటితో వదిలేద్దాం.

నల్లజీడి సంగతి చూడండి. బట్ట మీద గుర్తు పెడితే ఎన్ని ఉతుకులకూ పోని రసం అది. పెద్దవాళ్ల చేతికి తగిలినా పొక్కుతుంది. దాన్ని మూడు నెలల బిడ్డ మెడ మీది ఎర్రగడ్డకు పెట్టారు మా ఇంట్లో, ప్రేమతోనే. రెండో రోజు తువ్వాలు తీస్తే గడ్డ చుట్టూ తోలు పొంగి నీరు కారుతోంది. బట్ట అంటుకుపోయింది. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆ ఎర్రగడ్డలో ఉండేవన్నీ సన్నటి రక్తనాళాలే. పుండు పడితే నెత్తురు కారవచ్చు. ఇది ఫార్వర్డ్ చేసే ముందు మీ ఇంటి బిడ్డ మెడ ఒకసారి చూడండి!

గుండె మందు అన్న మాట నిజమే. ప్రొప్రనలాల్ పేరు విని నేనూ భయపడ్డాను. ఆ మందు వాడిన పసిపిల్లల్లో ఎర్రగడ్డలు తగ్గడాన్ని 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు లోకానికి చెప్పారు. 2014లో అమెరికా కూడా అనుమతి ఇచ్చింది. పాలు తాగించాకే ఇవ్వాలి. బిడ్డ తాగకపోయినా, వాంతులైనా ఆ పూట ఆపాలి, లేకపోతే షుగర్ పడిపోవచ్చు. అందుకే డాక్టర్ చూపులో ఉండాలి.

లేజర్ వేసేటప్పుడు కళ్లకు కవచం పెడతారు.

‘దానంతట అదే పోతుంది’ అన్నది సగం నిజం. ఎర్రగడ్డలు చాలావరకు బడి వయసుకల్లా చప్పబడతాయి, నడుం కింది నీలిమచ్చలూ అంతే. కానీ కన్ను, ముక్కు, పెదవి దగ్గర గడ్డ పెరుగుతుంటే ఆగకూడదు, తొలి ఐదు నెలల్లోనే అది ఎక్కువగా పెరుగుతుంది. వారానికోసారి పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి. ఇక పుట్టుకతోనే ముఖం మీద చదునుగా ఉండే ముదురెరుపు మచ్చ పోదు, దానికే లేజర్, అదీ చాలాసార్లు. నుదురు, కనురెప్ప మీద ఉంటే కంటి ఒత్తిడి చూపించాలి, ఫిట్స్ సంగతీ అడగాలి.

మా పాపకు ఇప్పుడు ఏడాదిన్నర. గడ్డ దానంతట అదే తగ్గిపోతోంది. జీడి పెట్టిన చోట తోలు మాత్రం ముడతపడి అలాగే ఉంది.