పికప్‌ను తక్షణం బదిలీ చేయాలి

తిరుపతిలో ఎలక్ట్రిక్ గిటార్ కొన్న ప్రతి కుర్రవాడూ మొదటి వారంలోనే ఒక తీర్మానానికి వస్తాడు. ఆంప్లిఫయర్ మీట నొక్కగానే, ఇంకా తీగ మీద వేలు పడకముందే, ‘గుయ్’మంటూ ఒక మోత మొదలవుతుంది. ఆ మోతకు కారణం తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్పేననీ, దాన్ని పీకి పారేసి ఖరీదైన మరొకటి బిగిస్తే తప్ప ఈ పట్టణంలో సంగీతం ముందుకు సాగదనీ అతడూ, అతని మిత్రబృందమూ ఏకగ్రీవంగా తేలుస్తారు. ఈ తీర్మానాన్ని నేను సంపూర్ణంగా సమర్థిస్తున్నాను. పికప్ చేసిన నేరం సామాన్యమైనది కాదు. అది విన్నది విన్నట్టు పైకి చెప్పింది. ఇంతకన్నా చిన్న నేరానికే గుమాస్తాలను సత్యవేడు నుంచి కుప్పానికి సాగనంపే ఆనవాయితీ మనకు ఉండగా, ఒక రాగితీగ ఉండ విషయంలో మాత్రం ఉపేక్ష ఎందుకు వహించాలి?

శిక్ష వేసే ముందు నిందితుని పుట్టుపూర్వోత్తరాలు విచారించడం మర్యాద. కాయిల్, అంటే తీగచుట్ట, దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే అందులో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే నిరూపించాడు. నూరేళ్లు గడిచాక, 1930ల తొలినాళ్లలో, అమెరికాలో జార్జ్ బీచమ్ అనే వాద్యకారుడు ఆ సూత్రాన్ని గిటార్ తీగల కిందికి తెచ్చి, 1937లో దానికి పేటెంటు కూడా సంపాదించాడు. నేటి సింగిల్ కాయిల్ పికప్‌లో అయస్కాంతాల చుట్టూ దాదాపు తలవెంట్రుక మందాన ఉండే రాగితీగను ఇంచుమించు ఎనిమిది వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, కాయిల్‌లో స్వల్పమైన వోల్టేజి పుడుతుంది, దాన్ని ఆంప్ పెద్దది చేస్తుంది. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి కొండమీద దాచుకున్న ఊరు మనది కాబట్టి, రాగికి పాట పట్టే గుణం ఉందన్న సంగతి ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. అయితే రేకుకు ఉన్న నిగ్రహం ఈ కాయిల్‌కు లేదు. రేకు తన మీద చెక్కినదాన్ని మాత్రమే ఉంచుకుంటుంది. కాయిల్ మాత్రం తీగ కదలికనూ, గోడలోని వైరునూ, పక్కింటి మోటారునూ ఒకే చెవితో విని, తారతమ్యం పాటించకుండా అన్నింటినీ ఆంప్‌కు నివేదిస్తుంది. లౌక్యం తెలియని ఉద్యోగి లక్షణం ఇదే కదా.

ఆ మోతను శబ్దకాలుష్యంగా కొట్టిపారేయడం కూడా న్యాయం కాదని మనవి. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది. హార్మోనియం భాషలో చెప్పాలంటే అది ఐదు శ్రుతి షడ్జమానికి రెండు స్థాయిలు కిందగా, ఒక పిసరు హెచ్చుగా పలుకుతుంది. మన గాయనీమణులలో చాలామంది ఆ చుట్టుపక్కల శ్రుతిలోనే పాడతారు కాబట్టి, కరెంటువారు బిల్లులో వేరే పద్దు వేయకుండానే ఇంటింటికీ శ్రుతిపెట్టెను సరఫరా చేస్తున్నట్టు లెక్క. అమెరికావారికి ఈ భాగ్యం లేదు. వారి కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు తిరిగి, ఆరున్నరకూ ఏడుకూ సరిగ్గా నడిమధ్యన, ఏ మెట్టు మీదా నిలవకుండా మోగుతుంది. ఆ అపశ్రుతిని భరించలేకనే కాబోలు, మోతను చంపే పికప్‌ను వాళ్లే కనిపెట్టవలసివచ్చింది.

దాని పేరు హంబకర్. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ 1955లో దీనికి పేటెంటు కోరాడు, 1959లో అది మంజూరైంది. ఇందులో కిటుకు చిన్నదే గానీ పరిపాలనాదక్షత గలవారందరూ అధ్యయనం చేయవలసినది. ఒక కాయిల్ స్థానంలో ఇద్దరు సభ్యుల సంఘాన్ని నియమిస్తారు. రెండో సభ్యుని చుట్లు మొదటివానికి వ్యతిరేక దిశలో పనిచేస్తాయి. బయటి మోత ఇద్దరికీ సమానంగా వినిపించినా, ఒకరు అవునన్నదానిని మరొకరు కాదంటారు కాబట్టి నివేదికలో మోత ఊసే ఉండదు. తీగ నుంచి వచ్చే నాదం విషయంలో మాత్రం రెండో సభ్యుని అయస్కాంత ధ్రువాన్ని కూడా తలకిందులుగా అమర్చి ఉంచడం వల్ల, రెండు వ్యతిరేకతలు కలిసి ఏకాభిప్రాయంగా మారి నాదం రెట్టిస్తుంది. కావలసినదానికి చేయెత్తి, అక్కరలేనిదానిని పరస్పర ఖండనతో మాయం చేసే సంఘాలను మనం అంతకుముందే ఎన్నో చూశాం. లవర్ చేసినదల్లా దానికి పేటెంటు పుచ్చుకోవడమే.

సింగిల్ కాయిల్ మాత్రం ఒంటరి. అది ఇచ్చే నివేదిక ఎంత సూటిగా ఉంటుందో చూడాలంటే బైరాగిపట్టెడలో ఏదో ఒక మధ్యతరగతి ఇంటి ముందుగదిలోకి ఎండాకాలం సాయంత్రం వెళ్లి నిలబడితే చాలు. ట్యూబులైటు చోకు దగ్గరికి గిటార్‌ను తీసుకువెళితే మోత లావవుతుంది. ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరును మూడు మీద పెడితే గుయ్‌కారం కాస్తా ‘జర్ర్’మనే గీరుడుగా మారుతుంది, ఐదు మీదికి తిప్పితే దాదాపు సర్దుకుంటుంది. ఎందుకంటే ఆ రెగ్యులేటరు కరెంటు తరంగాన్ని మొదట్లోనే కత్తిరించి, మిగిలిన ముక్కను ఫ్యానుకు పంపుతుంది. ఆ కోత అంచు గదంతా వ్యాపిస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకుందంటే, అందులోనూ అది చతురస్ర తరంగాన్నిచ్చే చవక రకమైతే, పికప్ ఒక్కసారిగా గొంతు చించుకుంటుంది. ఇంత వివరమైన తనిఖీని పైసా పుచ్చుకోకుండా చేసిపెట్టిన పికప్‌కు దక్కే ఫలితం ఏమిటి? కుర్రవాడు ఫ్యాను మీట ఆపబోతాడు. లోపలినుంచి తల్లి కేక వేస్తుంది: “ఒరే, ఫ్యాను ఆపొద్దురా, చెమట్లు కారిపోతా ఉండాయి. ఆ గిటారునే ఆపు.” తీర్పు వెలువడినట్టే. రెగ్యులేటరు మీద ఎవరూ ఈగను వాలనివ్వరు.

ఇక అసలు విషయానికి, అంటే ఎర్త్‌కు, వద్దాం. మన గోడల్లోని మూడు రంధ్రాల ప్లగ్గు పాయింటులో పైన ఉండే లావుపాటి రంధ్రం దేనికో అడిగితే చాలా ఇళ్లలో ఒకటే సమాధానం వస్తుంది: రెండు పిన్నుల చార్జరు దూరకపోతే అందులో పుల్ల పెట్టి తిప్పడానికి. నిజానికి ఆ రంధ్రం వెనుక ఒక ఆకుపచ్చ తీగ ఉండాలి, ఆ తీగ మీటరు బోర్డుదాకా, అక్కడినుంచి పెరట్లో బొగ్గూ ఉప్పూ నింపి పూడ్చిన గుంతలోని పైపుదాకా లేదా రేకుదాకా వెళ్లాలి, వేసవిలో ఆ గుంతకు అప్పుడప్పుడూ నీళ్లు పోయాలి. ఇల్లు కట్టేనాడు గుంత తవ్వడానికి కూలి దండగనుకుని, ఆకుపచ్చ తీగను గోడలోని డబ్బాలో చుట్టి ఆపేసిన ఇళ్లలో ఆంప్ ఇనుప ఒళ్లూ, తీగలను మోసే గిటార్ బ్రిడ్జీ, వాటిని పట్టుకున్న మనిషీ ముగ్గురూ నేలతో సంబంధం లేని త్రిశంకులై తేలుతూ ఉంటారు. పికప్ ఆ సంగతిని గంటల తరబడి చెబుతూనే ఉంటుంది. ఇల్లు కట్టిన మేస్త్రీని ఎవరూ ఏమీ అనరు.

ఈ సందర్భంలో మిత్రబృందం ఇచ్చే ఒక సలహాను మాత్రం హాస్యానికి కూడా సమర్థించలేను. రెండు పరికరాలను వేర్వేరు పాయింట్లలో గుచ్చినప్పుడు ఎర్త్ దారులు చుట్టుకుని మోత వస్తే, ఆంప్ ప్లగ్గులోని మూడో పిన్నును విరిచేయమంటారు. మోత పోయే మాట నిజమే. ఆ తరువాత ఆంప్ లోపల ఎక్కడైనా తీగ తగులుకుంటే, ఒక చేత్తో తీగలు పట్టుకుని మూతి మైకుకు ఆనించిన గాయకుడు కూడా పోతాడు. రెండింటినీ ఒకే స్విచ్చుబోర్డులో గుచ్చడమన్నది అంతకన్నా చవకైన ఉపాయం.

గాంధీ రోడ్డు దగ్గరి ఒక సందులో, రేడియోల కాలం నుంచీ టంకం పెడుతున్న పెద్దాయన ఒకరున్నారు. పికప్ మార్చడానికి వచ్చిన గిటార్‌ను ఆయన వెంటనే విప్పరు. ముందు గిటార్ నుంచి ఆంప్‌కు వెళ్లే వైరు మారుస్తారు. సగం కేసులు అక్కడే కొట్టివేయబడతాయి. తరువాత గిటార్ మీది వాల్యూమ్‌ను సున్నాకు దించుతారు. అప్పటికీ మోత తగ్గకపోతే తప్పు వైరుదో ఆంప్‌దో తప్ప పికప్‌ది కాదు. తగ్గితే, వాల్యూమ్ మళ్లీ పెంచి, అరచేత్తో తీగలన్నింటినీ కప్పుతారు. తాకగానే మోత తగ్గితే లోపలి ఎర్త్ తీగ ప్రాణాలతో ఉన్నట్టూ, గదిలోని రొదను వాద్యకారుని శరీరమే ఏరియల్‌లా పోగుచేసి గిటార్‌కు అందిస్తున్నట్టూ లెక్క. తాకినప్పుడు మోత పెరిగితే, గిటార్‌కు వైరు గుచ్చే జాక్ దగ్గర రెండు తీగలూ తారుమారైనట్టు. ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జి కిందికి వెళ్లే తీగ ఊడి ఉండవచ్చు. చివరికి మల్టీమీటరు ముల్లు ఆనించి, సింగిల్ కాయిల్ ఆరు కిలో ఓముల ప్రాంతంలో చూపిస్తే దాని ఆరోగ్యం దివ్యంగా ఉన్నట్టు ప్రకటిస్తారు. జాక్ దగ్గర మెరుపు లేకుండా బూడిదరంగులో గడ్డకట్టిన టంకం కనిపిస్తే, కళ్లద్దాలు పైకి నెట్టి, దాన్ని కరిగించి మళ్లీ పెడతారు.

“సామీ, దీనికేం రోగం లేదు. మీ ఇంట్లో ప్లగ్గు పాయింటు చూపించుకో అబ్బోడా.”

“అయితే పికప్ మార్చొద్దంటావా పెద్దాయనా?”

“మార్చు, నాకేం పోయింది? నాకు నాలుగు రూకలొస్తాయి. మోత మాత్రం యాడికీ పోదు.”

ఆయన మాట వినకుండా గిటార్ పొట్టలో రాగిరేకు అతికించుకునేవారు మరో వర్గం. రక్షరేకుల మీద మనకున్న విశ్వాసం దృష్ట్యా దీన్ని తప్పుపట్టలేం. ఆ రేకును లోపలి ఎర్త్‌కు కలిపి టంకం పెడితే రెగ్యులేటరు గీరుడు వంటిది చాలావరకు ఆగుతుంది. కలపకుండా వదిలేస్తే అది అలంకారం. కలిపినా, ట్రాన్స్‌ఫార్మరు నుంచీ మోటారు నుంచీ వచ్చే 50 ఆవృత్తుల అయస్కాంతపు గుయ్‌మోతను పలుచని రాగిరేకు ఆపలేదు. అది రేకునూ దాటుతుంది, దాన్ని అతికించినవారి భక్తినీ దాటుతుంది.

దానికి మిగిలిన పరిహారం దిక్కు మార్చుకోవడమే. కాయిల్‌కు ఒక ముఖం ఉంటుంది. క్షేత్రరేఖలు దానిగుండా దూసుకుపోతే మోత గరిష్ఠం, దానికి అడ్డంగా పక్కనుంచి జారిపోతే మోత కనిష్ఠం. అందువల్ల గిటార్‌ను పట్టుకుని గదిలో మెల్లగా గిర్రున తిరిగితే ఏదో ఒక కోణంలో మోత అణగుతుంది. ఇంత శాస్త్రీయమైన ప్రక్రియ మన వాస్తు పండితుల దృష్టికి ఇంకా రాకపోవడం ఆశ్చర్యం. గుమ్మాలు జరిపించే ఖర్చుతో పోలిస్తే గిటార్ వాద్యకారుని జరపడం ఎంతో చవక. చిక్కల్లా ఒక్కటే: ఆ మౌనకోణం ఈశాన్యానికో, ఉత్తరాన ఉన్న కొండవైపుకో ఉండాలన్న నియమం లేదు. వేదిక మీద అది ప్రేక్షకులకు వీపు చూపే దిశలో తేలితే, వాద్యకారుడు కళాకారుల సహజమైన అహంకారాన్ని ప్రదర్శిస్తున్నాడని ఊరు అపార్థం చేసుకుంటుంది.

ఇంతవరకూ పికప్ మీద మోపిన అభియోగాలలో ఒక్కటీ నిలవలేదు కాబట్టి, న్యాయం కోసం, అది నిజంగా దోషి అయ్యే సందర్భం కూడా చెప్పాలి. కాయిల్ చుట్లు వదులుగా ఉంటే, ఆ రాగితీగలే అదురుతాయి. అప్పుడు పికప్ మైకుగా మారుతుంది. దాని మీద గోటితో తట్టితే ఆంప్‌లో ‘టక్’మంటుంది, దగ్గరగా అరిస్తే మాట వినిపిస్తుంది, వాల్యూమ్ పెంచితే ఈల వేసినట్టు కీచుమంటుంది. దీనికి వైద్యం ఉంది. పారఫిన్ మైనంలో కొద్దిగా తేనెమైనం కలిపి, గిన్నెను వేడినీళ్లలో ఉంచి 65 డిగ్రీల దగ్గర కరిగించి, బుడగలు రావడం ఆగేదాకా పికప్‌ను అందులో ముంచాలి. వేడి మరీ మించితే ప్లాస్టిక్ వంకరపోతుంది. గిన్నెను నేరుగా మంట మీద పెడితే మైనమే అంటుకుంటుంది. ఇక్కడ గమనించవలసిన విశేషం ఏమిటంటే, గిబ్సన్ తొలినాటి హంబకర్లను సాధారణంగా మైనంలో ముంచలేదు. అడుగున ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అన్న చీటీతో బయటికి వచ్చిన ఆ పికప్‌లకు ఇప్పుడు పాతవస్తువుల బజారులో కళ్లు తిరిగే ధర పలుకుతోంది, వాటిని అనుకరిస్తూ పనిగట్టుకుని మైనం పెట్టకుండా తయారుచేసిన కొత్తవాటిని కూడా జనం ఎగబడి కొంటున్నారు.

అటువంటి దానినొకదాన్ని సంపాదించి కుర్రవాడు మళ్లీ ఆ సందులోకి వచ్చాడు. పెద్దాయన దాన్ని ఆంప్‌కు కలిపి గోటితో తట్టారు. టక్కుమంది. వాల్యూమ్ పెంచారు. పక్క దుకాణం వాళ్లు తొంగిచూసేలా కీచుమంది.

“అబ్బోడా, ఇదీ అసలైన తప్పున్న పికప్పంటే. అరగంట కూచో, మైనంలో ముంచి ఇస్తా.”

“వద్దు సామీ, ముంచితే దాని వింటేజ్ పోతుంది. అట్లే బిగించు. గిటారులో ఇప్పుడుండే ఆ గుయ్‌మనేదాన్ని మాత్రం పీకెయ్.”