ఎక్కేసరికే ఉంది

మా రోయింగ్ క్లబ్బు షెడ్డు తలుపు మీద పోయిన వారం ఒక నోటీసు వెలిసింది. "పడవ వాడినవారే మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ర్యాకులో బోర్లించి పెట్టవలెను." కింద కార్యదర్శి గారి సంతకం, ముద్ర. వరంగల్ శివారులో ఒక చెరువు గట్టున, ఎవరి జోలికీ పోకుండా తెడ్లు వేసుకుంటూ బతుకుతున్న మాబోటి సభ్యుల ఆత్మగౌరవం మీద ఇంత బాహాటమైన దాడి ఇంతకు ముందెన్నడూ జరగలేదు. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

నా అభ్యంతరం శాస్త్రీయమైనది. గంటన్నర సేపు నీళ్లలోనే ఉన్న వస్తువును పైకి తీసి మళ్లీ నీళ్లతో కడగడమేమిటి? చేపకు ఎవరైనా స్నానం చేయిస్తారా? నాచూ బురదా అడుగున ఎండి అంటుకుపోతే పడవ జోరు తగ్గుతుందనీ, సీటు దొర్లే పట్టాలలో ఇసుక చేరితే చక్రాలు అరిగిపోతాయనీ మా కోచ్ గారు చెబుతుంటారు. చెప్పనివ్వండి. ఆయన జీతం తీసుకుంటారు, మేం చందా కడతాం. చందా కట్టిన చేతికి స్పాంజి అందించడం ఏం మర్యాద?

ఆ పట్టాలను నేనూ వంగి చూశాను. కాటుక లాంటి నల్లటి జిగురు, అందులో రెండు వెంట్రుకలు, ఒక పల్లికాయ పొట్టు. జిగురు సంగతి అర్థమైంది గానీ, రెండు చేతుల్లో రెండు తెడ్లు ఉండగా పల్లికాయ ఒలుచుకున్న ఆ మహానుభావుడెవరో ఇప్పటికీ అంతుపట్టలేదు. అలాంటి ప్రతిభావంతుణ్ణి పట్టాలు తుడవమనడం క్రీడారంగానికే అన్యాయం.

పడవలు సున్నితమైనవని ఇంకో బెదిరింపు. పోటీల్లో వాడే ఒక్కరి పడవ ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది. బరువు 14 కిలోలకు తగ్గకూడదని నియమం. పాతిక కిలోల బియ్యం సంచిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఎనిమిది మంది తెడ్లు వేస్తూ, చుక్కాని పట్టే కాక్స్‌తో కలిపి తొమ్మిది మంది ఎక్కే 'ఎయిట్' కనీస బరువు 96 కిలోలు. మా కోశాధికారి గారికి ఇంచుమించు సమానం. (ఆయన నొచ్చుకుంటారని 'ఇంచుమించు' అన్నాను.) ఇంత తేలికగా ఉండాలంటే లోపల తేనెపట్టు గదుల్లాంటి అట్ట, దానికి రెండు వైపులా పలుచటి కార్బన్ పొర. అందుకే లోపల అడుగు వేయడానికి ఒక చిన్న పలక అమర్చి, దాని మీద తప్ప మరెక్కడా కాలు పెట్టొద్దంటారు. మొన్న ఒక సభ్యుని బావమరిది గారు ఆర్టీసీ బస్సు ఎక్కినట్టు బూటుకాలితో సరిగ్గా నడిమధ్యన దిగారు. అప్పడం విరిగిన చప్పుడు వచ్చింది. "పడవ కొంచెం పాతది అనుకుంటాను" అన్నారాయన, పెద్దమనిషి కనుక.

ఇక్కడ మా క్లబ్బు రిజిస్టరు గురించి చెప్పాలి. పడవ తీసేటప్పుడు పేరూ సమయమూ, తిరిగి పెట్టేటప్పుడు ఏదైనా దెబ్బ తగిలితే ఆ వివరమూ రాయాలని దాన్ని పెట్టారు. చివరి గడిలో మా సభ్యులు రాసినదంతా చదివితే వేదాంతం చదివినట్టే ఉంటుంది. రిగ్గర్ (పడవ పక్కన తెడ్డును ఆనించే చట్రం) వంగింది: "ఎక్కేసరికే ఉంది." తెడ్డు అంచు చీలింది: "ఎక్కేసరికే ఉంది." అడుగున చీలిక: "ఎక్కేసరికే ఉంది." పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయాను. పడవ కొన్న మొదటి రోజు మొదటి సంతకం ఎదురుగా కూడా అదే మాట. అంటే ఆ చీలిక పడవ కంటే ముందు పుట్టింది. దానికి ఆది లేదు. దాన్ని అతుకు వేయించాలనుకోవడం కార్యదర్శి గారి అజ్ఞానం. ఈమధ్య రిజిస్టరులో ఆ మాట కూడా రాయడం మానేశారు. దారం కట్టి ఉంచిన పెన్నును ఎవరో దారంతో సహా పట్టుకుపోయారు.

రిగ్గర్ నట్లు బిగించే పది నంబరు పానా కథా ఇంతే. మూడుసార్లు మాయమయ్యాక నాలుగోదాన్ని సైకిలు గొలుసుతో ర్యాకుకు కట్టి తాళం వేశారు. ప్రస్తుతం గొలుసు ఉంది, తాళం ఉంది, ర్యాకు ఉంది. సభ్యులు కటింగ్ ప్లయరుతో బిగిస్తున్నారు గనుక నట్ల మూలలు అరిగి గోళీల్లా నునుపెక్కాయి. చూడటానికి అందంగానే ఉన్నాయి.

సభ్యులకు వస్తువుల మీద ప్రేమ లేదని మాత్రం అనకండి. ఇదే సభ్యుడు ఆదివారం పొద్దున తన కారును షాంపూతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో ఏసీ సందులు శుభ్రం చేయడం నేను కళ్లారా చూశాను. పడవను కూడా భక్తితో చూస్తాం. ఎయిట్ వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, పసుపు రాసి, తొమ్మిది కుంకుమ బొట్లు పెట్టాం. ఏటా దసరాకు ఆయుధపూజలో కొత్త దండ కూడా వేస్తున్నాం. ఆ మొదటి బొట్లు ఈ నాటికీ చెక్కు చెదరలేదు. పడవను ఎవరూ ఒక్కసారి కూడా రుద్దలేదనడానికి అంతకన్నా పవిత్రమైన రుజువు ఏం కావాలి?

ఉమ్మడి వస్తువును ఎలా చూసుకోవాలో ఈ నేలకు ముందే తెలుసని కోచ్ గారు చరిత్ర తీస్తారు. నిజమే, కాకతీయులు చెరువు తవ్వించి "ఇది అందరిదీ" అని ఊరుకోలేదు. చెరువు బాగోగులు చూసేవాడికి దశబంధం కింద పన్ను లేని మాన్యం ఇచ్చారు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ పొలానికి ఎంత నీరు వదలాలో చూడటానికి ఊరూరా నీరటి ఉండేవాడు. ఫలితంగా పాకాల, రామప్ప, లక్నవరం సుమారు 800 ఏళ్ల తర్వాత కూడా నీళ్లిస్తున్నాయి. ఎందుకంత అత్యాశ? మా ఎయిట్ నాలుగేళ్లకే విశ్రాంతి తీసుకుంది. పదిమందిలో పాము చావదంటారు, తొమ్మిది మందిలో పడవ ఎంత చక్కగా చచ్చిందో వచ్చి చూడండి.

కొత్త ఎయిట్ కొనే ప్రతిపాదన వచ్చినప్పుడు మా రిటైర్డు ఇంజినీరు గారు ఒక ఉపాయం చెప్పారు. 1213 నాటి శాసనం ఉన్న రామప్ప గుడి శిఖరంలో నీటి మీద తేలే ఇటుకలు వాడారు కదా, ఆ ఇటుకలతోనే పడవ కట్టుకుంటే పోలేదా అని. బరువెక్కువైనా ఫరవాలేదు, ఎవరు బూటుకాలితో దిగినా విరగదు, కడగనక్కర్లేదు, పైగా యునెస్కో 2021లో ఆ గుడికి గుర్తింపు కూడా ఇచ్చింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఇటుకలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోవడానికి ఉపసంఘం వేశాం.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. నిన్న పొద్దున ఒక్కరి పడవ తీసుకున్నాను. ఈ ఆటలో వీపు ముందుకు పెట్టి కూర్చుంటాం గనుక, ఒడ్డుకు వచ్చేటప్పుడు జెట్టీ నాకు కనిపించలేదు, దానికే నేను కనిపించి ఉండాలి. 'టక్'మని చిన్న చప్పుడు. పడవ ఎత్తి చూస్తే అడుగున ఉండాల్సిన చిన్న రెక్క సగమే ఉంది. ముక్కుకు తొడిగే తెల్ల రబ్బరు బంతి అసలు లేనే లేదు. (ఆ బంతితో గట్టు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, బాగా ఎగురుతోంది.) చుట్టూ చూశాను. వాచ్‌మన్ లోపల టీ పెట్టుకుంటున్నాడు. పడవను ఉన్నదున్నట్టు ర్యాకు మీద పెట్టి, రిజిస్టరు తెరిచి, నా పేరు ఎదురుగా గుండ్రటి అక్షరాలతో "ఎక్కేసరికే ఉంది" అని రాసి సంతకం చేశాను.

పెన్ను లేదన్నారు కదా, ఎలా రాశావంటారా? నా జేబులో ఉంది. ఈ వ్యాసం రాస్తున్నది కూడా దాంతోనే. దారం ఒక్కటే మాటిమాటికీ కాగితానికి అడ్డం పడుతోంది.